పెద్దమ్మ నాకు ఉంచిన మడత

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు ఉప్పల్ మార్కెట్లో తెలిసింది. మునక్కాయలు ఏరుకుంటున్నాను. మా ఆయన ఫోన్ చేసి, "పెద్దమ్మ లేదే ఇగ. దవాఖాన్ల ఇప్పుడే పోయింది. నువ్వు జల్ది ఇంటికి రా, తాళాలు నీ కాడనే ఉన్నయి గద" అన్నాడు. సరే అన్నాను. ఏరిన కాయలు సంచిలో వేసుకున్నాను. షేర్ ఆటో ఎక్కి ఒక మూలకు కూర్చున్నాను.

నాచారం వైపు మలుపు తిరిగేదాకా నాకు ఏడుపు రాలేదు. ఏడుపు కంటే ముందు ఇంకొకటి వచ్చింది. ఇక నన్ను ఎవరూ పుస్తకం చదవమని అడగరు అనుకున్నాను. నెత్తి మీది నుంచి బిందె దించినట్టు అయింది. అది ఒక్క క్షణమే. పక్కన కూర్చున్న ముసలమ్మ నా ముఖం చూసి, "ఏమైంది బిడ్డా?" అని అడిగేసరికి ఏడుపు వచ్చింది. ఆమె నా వీపు నిమిరింది. నేను ఏడుస్తున్నది సగం పెద్దమ్మ కోసమే, మిగతా సగం ఆ క్షణానికి సిగ్గుపడి అని ఆమెకు ఎట్లా చెప్పను?

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మేము అద్దెకున్న ఇంటి యజమాని. నా పెళ్ళయిన కొత్తలో, మా ఆయనకు నాచారంలో అట్టపెట్టెలు చేసే కంపెనీలో పని దొరికినప్పుడు, జనగామ దగ్గరి మా ఊరి నుంచి వచ్చి ఆ ఇంటి వెనక గదిలో దిగాము. మొదటి రోజు నేను "ఆంటీ" అని పిలిస్తే, "ఆంటీలు గల్లీ నిండ ఉన్నరు. పెద్దమ్మ అను, పలుకుత" అన్నది.

ఆమె పుట్టింది ఉప్పల్ పాత ఊళ్ళో, వ్యవసాయం చేసిన ఇంట్లో. సర్కారు ఆఫీసులో పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరన్నా అడిగితే గోడ పొడుగునా ఉన్న ఇనుప బీరువాలు చూపించి, "ఇంట్ల జాగ లేకుండె" అనేది. అడిగినవాళ్ళు నవ్వాలా వద్దా తెలియక నీళ్ళు తాగి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ బీరువాల నిండా పుస్తకాలు. బజారులో దొరికేవి కావు. ఇంట్లో చిన్న అచ్చు యంత్రం పెట్టుకుని, సీసం అక్షరాలు ఒక్కొక్కటి చేత్తో పేర్చి, చేత్తో చేసిన కాగితం మీద అచ్చు వేసి, దారంతో కుట్టి, కొన్ని ప్రతులు మాత్రమే చేసేవాళ్ళు అక్కడొకరు ఇక్కడొకరు ఉంటారట. వాళ్ళు వ్యాపారం కోసం చేయరట. అటువంటి వాళ్ళు ఎక్కడున్నారో తెలుసుకుని, ఉత్తరాలు రాసి, బస్సులెక్కి వెళ్ళి, వాళ్ళ వరండాల్లో కూర్చుని పెద్దమ్మ ఆ పుస్తకాలు తెచ్చుకున్నది. ఒక్కో పుస్తకం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిందట. తెచ్చిన ప్రతి పుస్తకానికీ తన పాత నూలు చీర ముక్క ఒకటి చుట్టేది. బీరువా అరల్లో ఎండిన వేపాకు, వస కొమ్ములు వేసేది. తలుపు తీస్తే ఇల్లంతా చేదు వాసన వచ్చేది. ఇప్పుడు ఎక్కడ వేపాకు వాసన తగిలినా నేను వెనక్కి తిరిగి చూస్తున్నాను.

ఆమెకు మోకాళ్ళ నొప్పి. వంగి ఊడవలేదు. నా గది ఊడ్చుకున్న చేత్తో ఆమె ముందు గది కూడా ఊడ్చేదాన్ని. అట్లా ఒక పొద్దున బల్ల మీద ఉన్న పుస్తకం దుమ్ము తుడుస్తుంటే దాని పేజీలు విడిపోలేదు. పై అంచున అతుక్కుని ఉన్నాయి. ఇటు నుంచి చూశాను, అటు నుంచి చూశాను. పాపం, ఎవరో పెద్దావిడను మోసం చేసి ఖరాబైన పుస్తకం అంటగట్టారు అనుకున్నాను. ఆమెతో చెప్పడానికి నోరు రాలేదు. మా ఆయనతో చెప్పాను. నేను చెవిలో చెప్పినదాన్ని ఆయన వాకిట్లో నిలబడి గట్టిగా చెప్పాడు.

"పెద్దమ్మా, నీకు పుస్తకం ఎవరో మోసం జేసి ఇచ్చిన్రట. పేజీలు కొయ్యనే లేదట. వాపస్ ఇయ్యుమంటున్నది మా ఆమె. మా కంపెనీల గిసుంటి మాల్ వస్తె గేటు కాడికెళ్ళే తిప్పి పంపుతరు."

పెద్దమ్మ కుర్చీ పట్టుకుని నవ్వింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. నేను తలుపు చాటుకు పోయాను.

"ఇటు రా బిడ్డా. కూసో" అని పిలిచి, ఆ రోజు పేపర్లోంచి ఒక పెద్ద కాగితం తీసి నా ముందు రెండుగా, మళ్ళీ రెండుగా మడిచింది. "గిట్ల పెద్ద కాగితం మీద అచ్చేసి, మడిచి, ఈ నడుమ కుడతరు. అప్పుడు ఈ పై అంచు మూసుకునే ఉంటది గద. పెద్ద ప్రెస్సులల్ల మిషన్ పెట్టి కోస్తరు. వీళ్ళు కొయ్యరు. అట్లనే ఇస్తరు. చదివేటోళ్ళు కత్తితోని మెల్లగ కోసుకుంట, ఒక్కొక్క మడత తెరుసుకుంట చదువాలె. తలుపు మూసి ఉన్నదని ఇల్లు ఖరాబైందంటమా?"

నేను లేదన్నట్టు తల ఊపాను. ఆమె నన్ను వెక్కిరించలేదు. తర్వాత ఎవరు వచ్చినా, "నా బిడ్డ నేను మోసపోతున్ననని మొగుణ్ణి పంపి పంచాయితి పెట్టించింది" అని చెప్పి మురిసిపోయేది.

నెలకొక ఆదివారం ఆమె ఇంటికి కొందరు వచ్చేవాళ్ళు. వాళ్ళూ ఇటువంటి పుస్తకాలు దాచుకునేవాళ్ళే. అందరిలోకి తప్పకుండా వచ్చే మనిషి నాగోల్ నుంచి వచ్చే రిటైరైన సారు. మేము ఆయన్ను నాగోల్ సార్ అనేవాళ్ళం. ఉప్పల్ దాకా మెట్రోలో వచ్చి, అక్కడి నుంచి ఆటోలో వచ్చేవాడు. ఆయన దగ్గర పెద్దమ్మకున్న దానికంటే ఎక్కువ పుస్తకాలున్నాయట. కానీ ఒక్కదాని మడత కూడా ఆయన కోయలేదట. కోయని పుస్తకానికే గౌరవం అని ఆయన మాట.

"కోస్తిరా, ఇగ అది మామూలు పుస్తకమే అక్కా" అనేవాడు.

"మామూలు పుస్తకమే కావాలె నాకు" అనేది పెద్దమ్మ. "సారు పుస్తకాలు లాకర్ల బంగారం లెక్క. పెండ్లికి గూడ బయటికి రావు. దాచనీకి నాకు బీరువ ఉన్నది సారూ. చదవనీకి నేనున్న."

ఆయన నవ్వేవాడు. పెద్దమ్మ వదిలేది కాదు. "మళ్ళ ఆయిన ఇంట్లవి కొయ్యడు, మంది ఇంట్లవి మాత్రం కోస్తడు" అనేది. అది నిజమే. ఎందుకంటే పెద్దమ్మ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వచ్చినవాళ్ళలో ఒకరు ఆ రోజు ఒక మడత కోయాలి. కోసినవాళ్ళే అందులో ఉన్నది అందరికీ వినబడేటట్టు చదవాలి. అంతకుముందు ఆ పుట ఎవరూ తెరిచి చూసి ఉండరు. "మొదలు సూసినోళ్ళకు మొదలు చెప్పే హక్కుంటది" అనేది.

ముందు అందరూ చేతులు కడుక్కోవాలి. తుడుచుకోవాలి. తుడుచుకున్నాక ఇంకోసారి తుడుచుకోవాలి. ఫ్యాన్ ఆపాలి. ఏప్రిల్ ఎండలో కూడా ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ అందరూ నిశ్శబ్దంగా కూర్చునేవాళ్ళు. చాయ్ గ్లాసులు పక్క గదిలోనే. పెద్దమ్మ మొండిగా ఉండే ఒక వెదురు కత్తి తీసి ఇచ్చేది. పదునైన కత్తి పనికిరాదట, అది దారి తప్పుతుందట. మడతలోకి ఆ వెదురు కత్తి పెట్టి తోస్తే సర్రుమని చిన్న చప్పుడు వచ్చేది. చేత్తో చేసిన కాగితం కదా, తెగిన అంచు దూది లాగ లేచేది. తెల్లటి నూగు కింద రాలేది.

సోమవారం పొద్దున ఆ నూగు ఊడ్చేదాన్ని నేను. కుర్చీ కింద ఎక్కడ రాలిందో చూసి నిన్న ఎవరు కోశారో చెప్పగలిగేదాన్ని. నాగోల్ సార్ కిటికీ పక్క కుర్చీ. ఆయన కోసిన రోజు నూగు ఎక్కువ. భయపడుతూ, ఆపుతూ ఆపుతూ కోసేవాడు.

ఆ పుస్తకాలన్నిటిలో ఒకటి పెద్దమ్మకు ప్రాణం. సన్నటి పుస్తకం. నారపల్లి దగ్గర, ప్లాట్ల మధ్య మిగిలిన ఒక రేకుల షెడ్డులో అచ్చు యంత్రం పెట్టుకున్న ఒక పెద్దాయన చేసినది. తర్వాత చూపు మందగించి ఆయన పని మానేశాడు. ఉప్పల్, నాచారం చుట్టుపక్కల ఒకప్పుడు ఉన్న పొలాల పేర్లు ఆ పుస్తకం. కథా కాదు, పాటా కాదు. ఉత్త పేర్లు. కొంగల మడి. బండకింది చెలక. అత్తాకోడళ్ళ గట్టు. ఇట్లా. పాతవాళ్ళను అడిగి ఆయన పోగేశాడు. పెద్దమ్మ తన తండ్రి పొలాల పేర్లు, చిన్నాయనల పొలాల పేర్లు చెప్పింది. ఇప్పుడు కొన్నింటి మీద కాలనీలున్నాయి, ఒకదాని మీద మెట్రో స్తంభం నిలబడ్డదని చెప్పేది.

ఒక పుటకు ఒకటో రెండో పేర్లు. పెద్ద అక్షరాలు. వేలితో తడిమితే లోపలికి దిగిన గుర్తు తెలిసేది. మిగతాదంతా తెలుపు.

"గింత జాగ ఖాళీ పెట్టిన్రేంది పెద్దమ్మా? కాగితం దండగ గద" అన్నాను ఒకసారి. ఆమెతో మాట్లాడటం అప్పటికి కొంచెం అలవాటైంది.

"పొలానికి పొలం అంటుకుంటదా బిడ్డా? నడుమ గట్టు ఉండాలె" అన్నది.

ఆ ఆదివారాల్లో నేను చాయ్ పోసేదాన్ని. తలుపు దగ్గర నిలబడి వినేదాన్ని. ఒకరు కోసి చదివేవాళ్ళు, "ఊటబావి చేను" అని. పెద్దమ్మ కళ్ళు మూసుకుని, "అండ్ల పెసర్లు ఏసేటోళ్ళు" అనేది. అంతే. దానికోసం అంత దూరం నుంచి వచ్చేవాళ్ళు.

నేను చదివింది ఏడో తరగతి. చదవడం రాదని కాదు. మనసులో చదువుకుంటాను. బయటికి చదివితే ముక్కలు ముక్కలుగా వస్తుంది. పెళ్ళైన కొత్తలో అత్తగారింట్లో ఎవరిదో లగ్నపత్రిక వస్తే నన్ను చదవమన్నారు. పదిమంది కూర్చున్నారు. నేను చదువుతుంటే మా ఆడబిడ్డ, "మా వదినె బస్సు బోర్డు సదివేసరికి అది ఘట్‌కేసర్ దాటుతది" అన్నది. అందరూ నవ్వారు. చెడ్డగా అనలేదు, ఆమె అందరినీ అట్లాగే అంటుంది. కానీ ఆ రోజు నుంచి నలుగురిలో అక్షరం ముందు నోరు తెరవడం మానేశాను. మందుల సీసా మీద పేరు కూడా మా ఆయనకే చూపిస్తాను.

పొలాల పేర్ల పుస్తకం చివరికి వస్తున్న రోజుల్లో ఒక ఆదివారం, పెద్దమ్మ వచ్చినవాళ్ళందరి ముందు, "ఇగ ఒక్కటే మడత ఉన్నది. ఇది మా బిడ్డకు ఉంచిన" అన్నది. అందరూ తలుపు వైపు తిరిగారు. తలుపులో నేను చాయ్ పళ్ళెంతో ఉన్నాను.

"చేతులు తడిగున్నయి పెద్దమ్మా" అన్నాను.

నా చేతులు పొడిగానే ఉన్నాయి. ఆమె నా చేతులు చూసింది. పళ్ళెం చూసింది.

"సరే. ఆరనియ్యి" అన్నది. ఆ మడత దగ్గర ఒక ఎర్ర దారం పెట్టి పుస్తకం మూసింది. వేరే పుస్తకం తీసింది.

ఆ తర్వాత ప్రతి నెలా ఒకసారి అడిగేది. బలవంతం లేదు. తల ఎత్తి, "ఆరినయా?" అనేది. నేను లేదనేదాన్ని. ఒకసారి కుక్కర్ పెట్టానన్నాను. ఒకసారి మేడ మీద బట్టలు ఆరేశాను, వాన వచ్చేటట్టుంది అని పైకి పోయి, వాన లేని ఆకాశం కింద, ఎండిన బట్టల మధ్య అందరూ వెళ్ళిపోయేదాకా నిలబడ్డాను. కింద ఆటో చప్పుడు విన్నాక దిగాను. పెద్దమ్మ "బట్టలు తడ్సినయా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. "మంచిగైంది" అన్నది.

నాగోల్ సార్ ఒకసారి, "అక్కా, ఆ ఒక్కటి నేను కోస్త తియ్యి, పుస్తకం పూర్తయితది" అన్నాడు. కోయడం అంటేనే ఇష్టం లేని మనిషి. నాకు సాయం చేయాలనే అట్లా అన్నాడని ఇప్పుడు అనుకుంటాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "దానికి మనిషి ఉన్నది సారూ. వస్తది" అన్నది.

ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం నేను ఆ పుస్తకం తీసేదాన్ని. చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని. ఇతరులు కోసిన పుటలన్నీ పెదవులు కదుపుతూ చదువుకునేదాన్ని. ఎర్ర దారం దగ్గరికి వచ్చి ఆగిపోయేదాన్ని. ఆ మడతను ముట్టుకోవడానికి కూడా భయం. ముట్టుకుంటే ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని. ఒక మధ్యాహ్నం అట్లా చదువుతూ తల ఎత్తితే గుమ్మంలో పెద్దమ్మ. పుస్తకం మూసేశాను. ఆమె "జర చాయ్ పెడ్తవా?" అన్నది. నేను వంటింట్లోకి పోతుంటే వెనక నుంచి, ఎవరితోనో చెప్తున్నట్టు, "కొంగల మడి మా నాయినది. నాట్లప్పుడు తెల్లగుండేది కొంగలతోని" అన్నది. నేను చదువుతున్న పుట అదే. ఎంతసేపటి నుంచి నిలబడిందో.

ఈ ఎండాకాలం ఆమెకు ఆయాసం ఎక్కువైంది. దవాఖానాకు తీసుకుపోతున్న రోజు మా ఆయన, నేను కలిసి పట్టుకుని ఆటోలో కూర్చోబెట్టాము. తాళాల గుత్తి నా చేతిలో పెట్టింది. పెట్టి, నా వేళ్ళు వదలకుండా పట్టుకుని, "చేతులు ఆరినయా బిడ్డా?" అన్నది. ముఖంలో నవ్వు ఉన్నది. నేనూ నవ్వాను. వేపాకు మార్చాలా, పాలవాడికి చెప్పాలా అని వేరే మాటలు మాట్లాడాను. ఆటో కదిలింది.

దవాఖానాకు జావ తీసుకుని పోయినప్పుడల్లా చెప్పాలనే అనుకున్నాను. ఆరినయి పెద్దమ్మా అని. ఒక్క మాట. పక్క మంచం వాళ్ళు ఉన్నారు, నర్సమ్మ ఉన్నది, ఇంటికి వచ్చాక చెప్తాను అనుకున్నాను. ఆమె ఇంటికి రాలేదు.

దినాలు అయ్యాక ఆమె తమ్ముడి కొడుకు వచ్చాడు. నెమ్మదైన మనిషి. పుస్తకాల గురించి తనకేమీ తెలియదని నాగోల్ సార్‌ను పిలిపించాడు. "మీరే తీస్కపోండి సార్. మా ఇంట్ల ఉంటే చెదలు పడ్తయి. అత్త ఊకోదు" అన్నాడు. అత్త ఇంకా ఉన్నట్టే అన్నాడు. మా ఆయన కంపెనీ నుంచి కొత్త అట్టపెట్టెలు తెచ్చాడు. చీర ముక్కలు చుట్టిన పుస్తకాలు ఒక్కొక్కటి పెట్టెల్లోకి పోతున్నాయి. నేను తాళాలు ఇచ్చి, చాయ్ పెట్టి, నా మామూలు చోటులో, తలుపు దగ్గర నిలబడ్డాను.

పొలాల పేర్ల పుస్తకం నాగోల్ సార్ చేతికి వచ్చింది. విప్పి చూశాడు. ఎర్ర దారం దగ్గర ఆగాడు. "ఒక మడత అట్లనే ఉన్నది" అన్నాడు. "ఉండనిద్దాం. ఇసుంటి పుస్తకం ఇంకోటి పుట్టది." చీర ముక్క చుట్టి పెట్టెలో పెట్టాడు. మా ఆయన పెట్టె మూత మూసి టేపు లాగాడు. టేపు చప్పుడు గట్టిగా వచ్చింది.

"అది నాది" అన్నాను.

నా గొంతు నాకే వినబడలేదు. మా ఆయన టేపు పట్టుకుని, "ఏందే?" అన్నాడు.

"అది నాది."

ముగ్గురూ నా వైపు చూశారు. తమ్ముడి కొడుకు వెంటనే, "పుస్తకం గావాల్నా అక్కా? తీస్కో. అత్తకు నువ్వెంత జేసినవో నాకు తెల్వదా" అన్నాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. చావు ఇంట్లో వస్తువు అడిగే మనిషిగా నిలబడ్డాను. మా ఆయన ముఖం ఎర్రబడింది. అప్పుడే వంటింట్లోకి పోయేదాన్ని. రోజూ పోయినట్టే. పోతే ఆ టేపు అంటుకుంటుంది, అంతే.

"పుస్తకం వద్దు, అన్నా" అన్నాను. "ఆ మడత. అది నాకు ఉంచింది పెద్దమ్మ. కొయ్యక... చేతులు తడిగున్నయని చెప్పుకుంట వచ్చిన. తడి లేకుండె."

నాగోల్ సార్ పెట్టె మూత తెరిచి పుస్తకం బయటికి తీశాడు. "దానికి మనిషి ఉన్నదనే చెప్పింది అక్క. నేనే మర్సిన" అన్నాడు. ఎర్ర దారం దగ్గర తెరిచి, ఆ మడతను రెండు వేళ్ళతో గొట్టంలాగ విప్పి, పక్క నుంచి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్ళజోడు పైకి జరుపుకుని మళ్ళీ చూశాడు.

"ఇండ్ల అచ్చు లేదు తల్లీ" అన్నాడు. "ఆఖరి మడత. ఖాళీ కాగితమే. ఆమెకు తెల్సే ఉంటది. మేమందరం గిట్లనే సూస్తం గద ముందుగాల."

అందులో చదవడానికి ఏమీ లేదు. ఇన్నాళ్ళూ ఏమీ లేదు. కత్తి పెట్టి తోస్తే చాలు. నలుగురిలో కూర్చుని ఒక మడత తెరవడం, అంతే ఆమె నన్ను అడిగింది. నా నోటికి భయమని ఆమెకు తెలుసు. నోరు తెరవనవసరం లేని చోటు చూసి నా కోసం పక్కన పెట్టింది. ఆ మాట చెప్తే మళ్ళీ నాకు చిన్నతనం అవుతుందని చెప్పలేదు కూడా. నాకు చదవడం రాదని అట్లా చేసిందో, మొదటిసారికి ఇది చాలు, తర్వాత అదే చదువుతుంది అని చేసిందో నాకు తెలియదు. అడగడానికి ఆమె లేదు. నేను భయపడి పారిపోయింది తెల్లకాగితం నుంచి.

"కోస్తవా?" అన్నాడు నాగోల్ సార్. తన పుస్తకం ఒక్కటి కూడా కోయని మనిషి, తానే పోయి బల్ల సొరుగులోంచి వెదురు కత్తి తెచ్చాడు.

పోయి చేతులు కడుక్కున్నాను. తుడుచుకున్నాను. మళ్ళీ తుడుచుకున్నాను. ఆ తర్వాత కూడా రెండు చేతులూ ముందుకు చాపి పట్టుకుని, పూర్తిగా ఆరేదాకా నిలబడ్డాను. మా ఆయన ఎవరూ చెప్పకుండానే ఫ్యాన్ ఆపాడు. పెద్దమ్మ కుర్చీ ఖాళీగా ఉన్నది. నేను దాంట్లో కూర్చోలేదు. పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"నీ దిక్కు గుంజకు. బయటికి తొయ్యి. మెల్లగ" అన్నాడు సారు.

తోశాను. సర్రుమన్నది. నడుమ ఒకచోట కత్తి జారి అంచు వంకరపోయింది. అది ఇక ఎప్పటికీ వంకరగానే ఉంటుంది. మడత విచ్చుకుంది. రెండు తెల్లటి పుటలు. కిటికీ వెలుతురుకు పట్టుకుంటే లోపల సన్నటి గీతలు, నారలు కనిపించాయి. ఒకచోట గడ్డిపోచ ముక్క ఒకటి, కాగితం చేసేటప్పుడు పడ్డదేమో, అట్లాగే అతుక్కుని ఉన్నది.

కోసినవాళ్ళు చదవాలి. అది ఆ ఇంటి పద్ధతి. అందుకే కావచ్చు, అందరూ నా వైపు చూస్తూ కూర్చున్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి, చదవడానికి ఏదన్నా ఉంటే బాగుండు అనిపించింది. ముక్కలు ముక్కలుగా అయినా చదివేదాన్ని. బస్సు పోతే పోనీ.

ఆ పుస్తకం మిగతావాటితోపాటే నాగోల్ సార్ ఇంటికి పోయింది. నేను ఉంచుకోలేదు. నాకు వేపాకు, వస కొమ్ములు వేసే బీరువా లేదు. ఆదివారాలు ఆయన ఇంట్లో జరుగుతాయట. నన్ను రమ్మన్నాడు. పెద్దమ్మ గురించి అందరూ తలా కొంత రాస్తున్నారు, నువ్వూ రాయమ్మా అన్నాడు. ఈ మాట చెప్పినప్పుడు నేను అంట్లు తోముతున్నాను. చేతులు నిజంగానే తడిగా ఉన్నాయి. చెంగుకు తుడుచుకుని సరే అన్నాను.

పెట్టెలు వెళ్ళిపోయిన మరునాడు పొద్దున ఎప్పటిలాగే చీపురు తీసుకుని ముందు గదిలోకి పోయాను. బీరువాలు ఖాళీ. గది నిండా వెలుతురు. పెద్దమ్మ కుర్చీ పక్కన, స్టూలు కింద, తెల్లటి నూగు రాలి ఉన్నది. ఎవరి చేతి నూగు ఎట్లా పడుతుందో తెలిసినదాన్ని. ఇది నేను ఎప్పుడూ చూడనిది.

గది అంతా ఊడ్చాను. స్టూలు చుట్టూ ఊడ్చాను. ఆ నూగును మాత్రం అక్కడే వదిలి, ఫ్యాన్ వేయకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చాను.